కుండీలో పాము కనిపిస్తే పార ఎత్తకు

నాన్నా,

నిన్న ఫోన్లో నీ కంగారు విన్నాను. అప్పుడే చెబుదామంటే లోడు లారీ వచ్చి కుదరలేదు. మందార కుండీలు మారుస్తుంటే మట్టిలోంచి మూడు పాములు బయటపడ్డాయనీ, ఆడకూలీలు పని వదిలేసి గట్టెక్కారనీ అన్నావు. కడియంలో నర్సరీ పెట్టినవాళ్లలో గుడ్డిపామును చూడనివాళ్లు ఉండరు. వానలు పడి బొరియల్లోకి నీళ్లు దిగితే ఇంకా చూస్తావు, స్నానాలగదిలో కూడా.

ముందు అది పామో వానపామో తేల్చుకో. వానపాముకి ఒళ్లంతా ఉంగరాలు, ముట్టుకుంటే జిగురు. గుడ్డిపాము పొడిగా, నున్నగా, నూనె రాసిన నల్ల తాడుముక్కలా మెరుస్తుంది. జానెడు ఉండదు. తలేదో తోకేదో తెలియకపోతే తడిమట్టి మీద వదిలి వంగి చూడు. సన్నటి నాలుక దారప్పోగులా ఆడేవైపు తల. అక్కడ పొలుసు కింద రెండు సిరాచుక్కలుంటాయి, అవే కళ్లు. వెలుగూ చీకటీ తేడా తెలుస్తుందంతే. చేతిలోకి తీసుకుంటే వేళ్ల సందులోంచి దూరిపోవాలని చూస్తుంది, తోక కొసన ఉన్న చిన్న ముల్లుతో పొడుస్తుంది. కరిచిందనుకుని విదిలించేస్తారు. దాని నోట్లో మన చర్మం పట్టదు, విషమూ లేదు. భయపడితే కాస్త కంపు వదులుతుంది, చెయ్యి కడుక్కుంటే సరి. నిద్రలో చెవిలో దూరుతుందని మా అమ్మ మమ్మల్ని భయపెట్టేది. దానికి కావలసింది చెవి కాదు, చీమలగుడ్లు, చెదపిల్లలు. మన గత్తం కుప్పలోనూ కొబ్బరిపొట్టు కిందా అవి బోలెడు.

అలాగని చిన్నదల్లా గుడ్డిపామే అనుకోకు. కట్లపాము పిల్ల కూడా నల్లగానే ఉంటుంది. తెల్లటి అడ్డచారలున్నా, కళ్లు తేటగా కనిపించినా, జానెడు దాటినా చెయ్యి పెట్టొద్దు. ఏదో తేలకపోతే దూరంగా జరిగి పాములు పట్టేవాళ్లని పిలువు.

నేనేమీ పుట్టుకతో తెలిసినదాన్ని కాదు. నర్సరీ పెట్టిన మొదటి ఏడాది ఎవరో చెప్పారని మట్టిలో ఉప్పు కలిపాను. పాములు అలాగే ఉన్నాయి, ఇరవై మల్లె అంట్లు మాడిపోయాయి. మీ పెదనాన్న ఇప్పటికీ దెప్పుతారు.

జువాలజీ చదివే మా మనవరాలు దీని గురించి చెప్పిన ముచ్చట విను. 1796లో ప్యాట్రిక్ రసెల్ అనే డాక్టరు కోరమండల్ తీరపు పాముల బొమ్మలు అచ్చువేస్తూ, విశాఖపట్నంలో దొరికిన దీనికి మనవాళ్లు చెప్పిన పేరునే ఇంగ్లీషు అక్షరాల్లో 'రొండూ తలూలూ పామ్' అని రాసుకున్నాడట. 1803లో డోడాన్ అనే ఫ్రెంచాయన ఆ బొమ్మ ఆధారంగానే శాస్త్రీయనామం పెట్టాడు. ఇప్పుడు రెండు తలల పాము లక్షలు పలుకుతుందని మోసగాళ్లు తిప్పేది ఇది కాదు, లావుపాటి ఇసుకపాము. దాని కోసం ఎవరైనా నర్సరీకొస్తే గేటు దగ్గరే పంపించెయ్. 1972 వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది.

మన గుడ్డిపాముల్లో మగవే లేవట! అన్నీ ఆడవే. జోడీ లేకుండానే బియ్యపుగింజల్లాంటి గుడ్లు పెడుతుంది, పిల్లలూ ఆడవే. కుండీలో ఒక్కటి వెళ్లినా చాలు, అక్కడ సంసారం మొదలు. అలా మొక్కల మట్టిలో పడి అంటార్కిటికా తప్ప అన్ని ఖండాలకూ చేరింది. పూలకుండీ పాము అని దాని ఇంకో పేరు. మన వ్యాపారానికి ముడిపడిన సంగతి ఇదే. చాలా దేశాలు మట్టితో ఉన్న మొక్కను రానివ్వవు. బయటికి పంపే సరుకు వేర్లు శుభ్రంగా కడిగించు, ఆ పని కూలీలకొదిలి పడుకోకు.

ఇక్కడ మాత్రం మట్టిని గోనెపట్టా మీద గుమ్మరించి చేత్తో విడగొట్టించు, పార వద్దు. పాము కనిపిస్తే గమేళాలో గుప్పెడు తడిమట్టి వేసి అందులోకి జార్చి, కొబ్బరిచెట్టు మొదట్లో రాలిన ఆకుల కింద వదిలెయ్. ఎండలో వదిలితే ఎండిపోయి చస్తుంది. అవి ఉన్నాయి కదాని చెద వదిలిపోతుందనుకోకు. చెద పట్టిన చోట మాత్రమే మందు వేయించు, కుండీలన్నిటికీ పోస్తే వానపాములు కూడా మిగలవు.

శుక్రవారం లారీలో నేనే వస్తాను. ఇంతకీ ఆ మూడింటినీ చంపారా వదిలారా, అది చెప్పలేదు నువ్వు.

మీ పెద్దమ్మ