జట్టు పాడైపోతుంటే తప్పు మేనేజర్‌దా, యజమానిదా? ఓక్లాండ్ అభిమానిగా నా సమాధానం

మీరు పిట్స్‌బర్గ్‌లో స్థిరపడి అక్కడి బేస్‌బాల్ జట్టు పైరేట్స్‌ను అభిమానిస్తున్నానని రాశారు. 2015 తరవాత ఆ జట్టు ప్లేఆఫ్స్ ముఖం చూడలేదనీ, 2025 మే నెలలో మేనేజర్ డెరెక్ షెల్టన్‌ను తొలగించినా ఆ సీజన్‌లో 91 మ్యాచ్‌లు ఓడిపోయిందనీ, పాల్ స్కీన్స్ అంతటి పిచర్ చేతిలో ఉండి కూడా అతనికి తోడుగా నాలుగు పరుగులు తెచ్చే బ్యాటర్లను కొనడం లేదనీ బాధపడ్డారు. ఈ తప్పు ఎవరిది, అభిమానులందరూ మైదానానికి వెళ్లడం మానేస్తే యజమాని దారికి వస్తాడా, వచ్చే ఏడాదికి సీజన్ టికెట్ తీసుకోవాలా వద్దా అన్నవి మీ ప్రశ్నలు.

నేను కాలిఫోర్నియాలో, ఓక్లాండ్‌కు దగ్గర్లోని ఫ్రీమాంట్‌లో ఉంటాను. ఓక్లాండ్ అథ్లెటిక్స్ 2024 సెప్టెంబరులో ఊరు విడిచి వెళ్లేదాకా నాది ఆ జట్టే. మీరు ఇప్పుడు పడుతున్న బాధను మేము చివరిదాకా పడ్డాము కాబట్టి, నాకు అర్థమైనంతవరకు చెబుతాను. మొదటి ప్రశ్నకు నా సమాధానం సూటిగా ఇది: మైదానంలో జట్టును నడిపే మేనేజర్ మీద, ఆటగాళ్లను ఎంచి తెచ్చే జనరల్ మేనేజర్ మీద మీ కోపాన్ని ఖర్చు చేయకండి. జీతాలకు ఎంత డబ్బు పెట్టాలో నిర్ణయించేది వాళ్లు కాదు.

మా ఊళ్లో ఈ సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది, దానికి ఒక కారణం ఉంది. 2002లో బిల్లీ బీన్ జనరల్ మేనేజర్‌గా ఉండగా, లీగ్‌లోకెల్లా తక్కువ జీతాలిచ్చే జట్లలో ఒకటైన అథ్లెటిక్స్ వరుసగా 20 మ్యాచ్‌లు గెలిచి, మొత్తం 103 విజయాలతో సీజన్ ముగించింది. ఆ తెలివితేటలను ప్రపంచమంతా మెచ్చుకుంది, మేమూ పొంగిపోయాము. అయితే ఆ మెప్పు మాకొక చెడ్డ అలవాటు నేర్పింది. డబ్బు లేకుండా గెలవడమే మా గొప్ప అనుకోవడం మొదలుపెట్టాక, డబ్బు ఎందుకు లేదు, నిజంగానే లేదా అని అడగడం మానేశాము. మంచి ఆటగాడు వెళ్లిపోయిన ప్రతిసారీ, బదులుగా వచ్చిన కుర్రవాళ్ల గణాంకాలు తిరగేస్తూ మమ్మల్ని మేమే సముదాయించుకునేవాళ్లము. ఎరిక్ షావేజ్‌కు 2004లో ఇచ్చిన 6 కోట్ల 60 లక్షల డాలర్ల ఒప్పందమే ఇరవై ఏళ్లపాటు ఆ క్లబ్ చరిత్రలో అతి పెద్ద ఒప్పందంగా నిలిచిపోయిందంటే, ఈ మధ్యలో ఆట వ్యాపారం ఎంత పెరిగిందో తెలిసినవారికి పరిస్థితి అర్థమవుతుంది. 2005లో దాదాపు 18 కోట్ల డాలర్లకు చేతులు మారిన ఆ క్లబ్ విలువ ఈ కాలంలోనే వంద కోట్ల డాలర్లు దాటిపోయింది.

నా మనసు విరిగిన నిర్ణయం మార్కస్ సెమియన్ విషయంలో జరిగింది. అతను ఓక్లాండ్ చుట్టుపక్కల ప్రాంతమైన మా ఈస్ట్ బే కుర్రవాడు, బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి ఆడి పైకొచ్చినవాడు. మా జట్టుకు వచ్చిన కొత్తలో షార్ట్‌స్టాప్ అనే కీలకమైన ఫీల్డింగ్ స్థానంలో బంతి పట్టడానికి అతను పడిన అవస్థ చూశాము. కోచ్ రాన్ వాషింగ్టన్ దగ్గర, మ్యాచ్ మొదలవడానికి ఎంతో ముందే, నేలమీద మోకాళ్లూని చిన్న గ్లవ్‌తో బంతులు అందుకుంటూ రోజూ చేసిన సాధన వల్ల అతను ఎలా మారాడో కూడా చూశాము. 2019లో అమెరికన్ లీగ్ అత్యుత్తమ ఆటగాడి ఓటింగులో అతను మూడో స్థానంలో నిలిచాడు. 2020 సీజన్ ముగిశాక, ఒప్పందం ముగిసిన ఆటగాడికి క్లబ్ ఇవ్వగలిగే ఏడాది ప్రతిపాదన, అంటే దాదాపు 1 కోటి 89 లక్షల డాలర్ల క్వాలిఫయింగ్ ఆఫర్ కూడా అతనికి ఇవ్వలేదు. 1 కోటి 25 లక్షల డాలర్లు ఇస్తామనీ, అందులో కోటి డాలర్లను ఆ తరవాతి పదేళ్లలో ఏడాదికి పది లక్షల చొప్పున చెల్లిస్తామనీ బేరం పెట్టినట్టు పత్రికలు రాశాయి. అతను టొరంటో జట్టుకు వెళ్లి 2021లో 45 హోమ్ రన్లు కొట్టాడు. ఆ ఏడాది చివర్లోనే టెక్సాస్ రేంజర్స్ అతనికి ఏడేళ్లకు 17 కోట్ల 50 లక్షల డాలర్లు ఇచ్చింది, 2023లో ఆ జట్టు లీగ్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ గెలిచింది. సెమియన్ విలువ జనరల్ మేనేజర్‌కు తెలియదని నేను ఎన్నడూ అనుకోను. ఒక మనిషికి ఏడాది జీతాన్ని పదేళ్ల వాయిదాల మీద ఇస్తామనే ఆలోచన ఆట తెలిసినవారి గదిలో పుట్టేది కాదు, లెక్కల పుస్తకం దగ్గర పుట్టేది.

ఆ తరవాత అంతా చాలా వేగంగా జరిగిపోయింది. మేనేజర్ బాబ్ మెల్విన్‌కు ఇంకా ఏడాది ఒప్పందం ఉండగానే శాన్ డియేగో జట్టుకు వెళ్లనిచ్చారు. 2022 మార్చిలో అయిదు రోజుల వ్యవధిలో మా ముఖ్యమైన ఆటగాళ్లు క్రిస్ బాసిట్‌ను, మాట్ ఓల్సన్‌ను, మాట్ చాప్‌మన్‌ను వేరే జట్లకు ట్రేడ్ చేశారు. అదే సమయంలో టికెట్ ధరలు పెంచారు. జట్టును ఖాళీ చేసి ధర పెంచితే జనం రారని చిన్న కిరాణా కొట్టు నడిపేవారికి కూడా తెలుసు. జనం రాలేదు. 2022లో ఏడాది మొత్తానికి మైదానానికి వచ్చినవారు ఎనిమిది లక్షల లోపే, మేజర్ లీగ్‌లో అందరికంటే తక్కువ. 2023లో జట్టు 112 మ్యాచ్‌లు ఓడిపోయింది, ఓక్లాండ్‌లో ఉన్న 57 ఏళ్లలో అంత హీనమైన సీజన్ మరొకటి లేదు.

ఇక మీ రెండో ప్రశ్న. వెళ్లడం మానేస్తే యజమాని దారికి వస్తాడని మా వాళ్లలో ఎంతోమంది నమ్మారు, నిజాయితీగానే మానేశారు. అయితే ఆ ఖాళీ కుర్చీలే ఆయనకు సాక్ష్యంగా పనికొచ్చాయి. ఓక్లాండ్‌లో బేస్‌బాల్‌కు ఆదరణ లేదని చెప్పడానికి లీగ్‌కూ క్లబ్‌కూ అంతకంటే మంచి ఫొటో దొరకదు. ఖాళీ కుర్చీ ఆ క్లబ్‌ను ఆర్థికంగా ఎందుకు కుదిపివేయలేదో అర్థం కావాలంటే డబ్బు వచ్చే దారి చూడాలి. దేశవ్యాప్త టీవీ ప్రసారాల ఆదాయాన్ని 30 క్లబ్‌లు సమానంగా పంచుకుంటాయి. దానికి తోడు, ప్రతి క్లబ్ తన స్థానిక ఆదాయంలో నికరంగా మిగిలిన దానిలో 48 శాతాన్ని ఒక ఉమ్మడి నిధిలో వేస్తుంది, ఆ నిధిని మళ్లీ అందరికీ పంచుతారు. తక్కువ సంపాదించే క్లబ్‌కు ఇచ్చినదానికంటే ఎక్కువే తిరిగి వస్తుంది. ఆ సొమ్మును జట్టును మెరుగుపరచడానికే వాడాలని ఒప్పందంలో నియమం ఉంది. ఆ నియమం పాటించలేదని ఆటగాళ్ల సంఘం 2018లో నాలుగు క్లబ్‌ల మీద ఫిర్యాదు చేసింది. ఆ నాలుగింటిలో మా అథ్లెటిక్స్ ఒకటి, మీ పైరేట్స్ ఒకటి.

ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో మాదిరిగా అట్టడుగున నిలిచిన జట్టు కింది లీగ్‌కు జారిపోయే పద్ధతి ఇక్కడ లేదు. బేస్‌బాల్‌కు యాంటీ ట్రస్ట్ చట్టం, అంటే గుత్తాధిపత్యాన్ని అడ్డుకునే చట్టం, వర్తించదని సుప్రీంకోర్టు 1922లో ఇచ్చిన తీర్పు ఇప్పటికీ చాలావరకు నిలిచి ఉంది. అందువల్ల ఒక ఊరికి జట్టు లేకుండా పోతే, మరొకరు వచ్చి అక్కడ ఇంకో మేజర్ లీగ్ జట్టును పెట్టడానికి వీల్లేదు. హైదరాబాదు నుంచి వచ్చిన నాకు ఇక్కడే తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. 2009లో ఐపీఎల్ గెలిచిన డెక్కన్ చార్జర్స్‌ను యాజమాన్యపు ఆర్థిక కష్టాల నడుమ 2012లో బీసీసీఐ రద్దు చేసింది. కానీ ఆ ఏడాదే హైదరాబాదు ఫ్రాంచైజీని మళ్లీ వేలం వేసి సన్ టీవీకి ఇచ్చింది. జట్టు పేరు మారింది, రంగు మారింది, ఉప్పల్ స్టేడియంలో ఆట మాత్రం ఆగలేదు. అమెరికాలో నిర్ణయం తీసుకునే కమిషనర్‌ను, అంటే లీగ్ అధిపతిని, నియమించేదే యజమానులు. 2023 నవంబరులో అథ్లెటిక్స్‌ను లాస్ వేగాస్‌కు తరలించడానికి 30 మంది యజమానులూ ఏకగ్రీవంగా ఓటు వేశారు. వాళ్లలో ఎవరూ రేపు తమ అవసరానికి తలుపు మూసుకోవాలనుకోరు.

మరి ఏం చేస్తే లాభం? మేము చేసిన పనుల్లో నిజంగా బలం ఉన్నది ఒకటుంది. 2023 జూన్ 13న, మానేయడానికి బదులుగా అందరం ఒకే రోజున వెళ్లాము. టాంపా బే రేస్‌తో మంగళవారం రాత్రి మ్యాచ్ అది, మామూలుగా అయితే నాలుగైదు వేలమంది వచ్చే రోజు. ఆ రాత్రి 27,759 మంది వచ్చారు. జట్టును అమ్మేయమని ఇంగ్లీషులో ఒకే ఒక్క మాట రాసిన ఆకుపచ్చ టీషర్టులను అభిమానులే చందాలు వేసుకుని అచ్చువేయించి, పార్కింగ్ స్థలంలో ఉచితంగా పంచారు. అయిదో ఇన్నింగ్స్ మొదట్లో మొదటి బ్యాటర్ ఆడుతున్నంతసేపూ ఎవరూ నోరు విప్పకూడదని ముందే అనుకున్నాము. అన్ని వేలమంది నడుమ బంతి క్యాచర్ గ్లవ్‌లో పడిన చప్పుడు పై వరుసలకు కూడా స్పష్టంగా వినబడింది. ఆ బ్యాటర్ ఆట ముగియగానే ‘సెల్ ద టీమ్’ అంటూ మైదానమంతా ఒక్కసారిగా అందుకుంది. చివరికి 2-1తో గెలిచాము కూడా, వరుసగా అది ఏడో గెలుపు.

ఆ రాత్రి తరలింపును ఆపలేదు, అది చెప్పకపోతే మీకు అబద్ధం చెప్పినట్టే అవుతుంది. లాస్ వేగాస్‌లో కట్టబోయే స్టేడియానికి 38 కోట్ల డాలర్ల వరకు ప్రజాధనం ఇచ్చే బిల్లును నెవాడా సెనెట్ సరిగ్గా అదే రోజున ఆమోదించింది. రెండు రోజుల్లో గవర్నరు సంతకం కూడా అయిపోయింది. అయినా ఆ రాత్రి ఒక పని చేసింది: ఓక్లాండ్‌లో అభిమానులు లేరన్న మాటను దేశం నమ్మడం మానేసింది. 2024 సెప్టెంబరు 26న చివరి మ్యాచ్‌కు 46,889 మంది వచ్చారు. ఎదుటి జట్టు సెమియన్ ఉన్న టెక్సాస్ రేంజర్స్. మ్యాచ్ అయిపోయాక మేనేజర్ మార్క్ కాట్సే మైకు పట్టుకుని మాట్లాడితే స్టేడియమంతా లేచి చప్పట్లు కొట్టింది. ఓడిన వందల మ్యాచ్‌లకు బాధ్యుడు అతను కాడని అప్పటికి అందరికీ తెలుసు.

లాస్ వేగాస్ స్టేడియం సిద్ధమయ్యేదాకా ఆడటానికి, అక్కడినుంచి జట్టు వెస్ట్ సాక్రమెంటోలోని ఒక మైనర్ లీగ్ మైదానానికి వెళ్లింది. 2024 డిసెంబరులో, మా ఊరు దాటి మూడు నెలలైనా గడవకముందే, లూయిస్ సెవెరీనో అనే పిచర్‌కు 6 కోట్ల 70 లక్షల డాలర్లతో షావేజ్ రికార్డును దాటించారు. డబ్బు లేక కాదన్నది ఆ రోజున తేలిపోయింది. ఆ వార్త చదివినప్పుడు కలిగిన కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

మీ పరిస్థితి మాకంటే ఒక విషయంలో మెరుగు. పైరేట్స్ ఆడే పీఎన్‌సీ పార్క్ జట్టు యజమానిది కాదు, పిట్స్‌బర్గ్ నగరానికీ అలిఘెనీ కౌంటీకీ చెందిన స్పోర్ట్స్ అండ్ ఎగ్జిబిషన్ అథారిటీది. 2001లో తెరిచిన ఆ మైదానాన్ని ఎక్కువభాగం ప్రజల డబ్బుతో కట్టారు. యజమానికి అభిమానుల ఈలలతో పని లేకపోవచ్చు గానీ లీజుతో పని ఉంటుంది, మరమ్మతుల ఖర్చుతో పని ఉంటుంది. లీజు పొడిగింపు చర్చకు వచ్చినప్పుడు, ప్రజాధనం అడిగే క్లబ్ ఆటగాళ్లమీద ఎంత ఖర్చు పెడుతుందో లెక్క చూపాలని అడిగే హక్కు పన్ను కట్టే మీకు ఉంది. ఓక్లాండ్‌లో మేము చర్చలు తెగిపోయే దశలో మేల్కొన్నాము. మీకు ఇంకా సమయం ఉంది.

సీజన్ టికెట్ తీసుకోవద్దనే నా అభిప్రాయం. ముందుగా ఏడాది డబ్బు మొత్తం చేతిలో పెడితే, ఆ తరవాత మీరు ఏమి చూసినా ఏమి చూడకపోయినా వాళ్లకు తేడా ఉండదు. అయితే పూర్తిగా మానేయకండి. స్కీన్స్ బంతి వేసే రోజున ఒక్క మ్యాచ్‌కు టికెట్ కొనుక్కుని పిల్లలను తీసుకువెళ్లండి, అలాంటి పిచర్‌ను చూసే అవకాశం మళ్లీమళ్లీ రాదు. అభిమానులు అందరూ కలిసి ఏదైనా ఒక రోజును ఎంచుకుంటే ఆ రోజున తప్పకుండా వెళ్లండి. అథారిటీ బోర్డు సమావేశాలు బహిరంగంగా జరుగుతాయి, పెన్సిల్వేనియా చట్టం ప్రకారం స్థానికులకు మాట్లాడే అవకాశం ఇవ్వాలి. అజెండాలో మైదానం పేరు కనబడిన రోజున మీ పెద్దవాళ్లలో, పక్కింటివాళ్లలో ఆట చూసేవాళ్లను ఒక పదిమందిని వెంటబెట్టుకుని వెళ్లండి. మాట్లాడేందుకు ఇచ్చే సమయం తక్కువగా ఉంటుంది కాబట్టి అడగదలచుకున్నది ముందే కాగితం మీద రాసుకోండి, ఆటగాళ్ల జీతాల ప్రశ్నను అందులో మొదట పెట్టండి.