బండి తాళం ఆ రాత్రి ఎవరి దగ్గర ఉంది?

ప్రశ్న: ఖమ్మం జిల్లాలో నాకు చిన్న మోటార్ వైండింగ్ షాపు ఉంది. మూడున్నర నెలల క్రితం సరుకు కోసం సొంత పికప్ బండిలో విజయవాడ వెళ్లాను. నాలుగు సబ్‌మెర్సిబుల్ మోటార్లు, స్టార్టర్ ప్యానెళ్లు, కాపర్ వైండింగ్ వైరు, అన్నీ కలిపి 2,38,000 రూపాయల సరుకు. వెనక బాడీలో వేసి, టార్పాలిన్ పట్టా కప్పి, తాడుతో బిగించాను. రాత్రి కావడంతో ఒక లాడ్జిలో దిగాను. పార్కింగ్‌కి 150 రూపాయలు తీసుకుని చీటీ ఇచ్చారు. తెల్లారి చూస్తే పట్టా కోసేసి ఉంది, సరుకు లేదు. మేనేజరు అందరి ముందూ నన్నే దొంగలా చూశాడు. చీటీ మీద ‘ఓనర్ రిస్క్’ అని ఉంది కదా, దిక్కున్న చోట చెప్పుకోమన్నాడు. పోలీసులు అర్జీ తీసుకున్నారు గానీ ఎఫ్ఐఆర్ కట్టలేదు. అది మా అమ్మాయి పెళ్లికి దాచిన డబ్బు. బండికి ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది. క్యాబిన్ తాళం పగలగొట్టి టూల్ బాక్స్ ఎత్తుకుపోయారని రాస్తే క్లెయిమ్ వస్తుందని తెలిసినాయన ఒకరు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. అందులో రెండున్నర పేజీలు మేనేజరు ఏమన్నాడు, మీ బావమరిది ఏమన్నాడు అనేదే. వాటితో కోర్టుకి పని లేదు. మూడో పేజీలో ఒక్క లైను రాసి వదిలేశారు: ‘వెనక బండి బయటికి తీయాలంటే వాచ్‌మన్‌కి తాళం ఇచ్చి పడుకున్నాను.’ మీ కేసు మొత్తం ఆ లైను మీదే నిలబడుతుంది.

ఎందుకంటే, ఖాళీ స్థలంలో బండి పెట్టుకోనిచ్చి డబ్బు తీసుకోవడం వేరు, బండిని తన చేతిలోకి తీసుకోవడం వేరు. తాళం మీ జేబులోనే ఉంటే లాడ్జివాడు ‘జాగా అద్దెకిచ్చాను, అంతే’ అని తప్పుకునేవాడు. తాళం వాళ్ల మనిషి చేతికి వెళ్లింది కాబట్టి 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 148వ సెక్షన్ ప్రకారం అది అప్పగింత అని వాదించవచ్చు. అప్పగింత అయితే, మామూలు బుద్ధి ఉన్న మనిషి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త వాళ్లూ తీసుకోవాలని 151వ సెక్షన్ చెబుతోంది.

‘ఓనర్ రిస్క్’ ముద్ర చూసి భయపడకండి. 1998లో ఢిల్లీలోని తాజ్ మహల్ హోటల్లో ఒక అతిథి కారు తాళాలు సిబ్బందికి ఇచ్చి లోపలికి వెళ్లాడు, కారు పోయింది. పార్కింగ్ టోకెన్ మీద ఇలాంటి షరతే ఉంది. 2019లో సుప్రీంకోర్టు, తాము తగిన జాగ్రత్త తీసుకున్నామని ముందు హోటలే నిరూపించుకోవాలి, అది చేయకుండా టోకెన్ మీది షరతు వెనక దాక్కోవడం కుదరదని చెప్పింది.

అయితే ఆ కేసులో పోయింది కారు. మీ బండి అక్కడే ఉంది, పోయింది అందులోని సరుకు. అవతలి లాయరు పట్టుకునేది ఇదే: ‘మాకు అప్పగించింది బండి, లోపల ఏముందో మాకేం తెలుసు?’ దీనికి జవాబు మీరు పంపిన చీటీ ఫొటోలోనే ఉంది. బండి నంబరు పక్కన చేత్తో ‘లోడ్ – 150’ అని రాశారు. ఖాళీ బండికి 50 అని వాళ్ల గేటు దగ్గర బోర్డు ఉందని మీరే అంటున్నారు. మరి ఆ పైన వంద దేనికి తీసుకున్నట్టు? సరుకుందని తెలిసి, దానికి విడిగా డబ్బు తీసుకుని, తాళం కూడా పుచ్చుకున్నారు. ఈ మూడూ కలిస్తే కేసు ఉంది. ఏ ఒక్కటి జారినా బలహీనపడుతుంది.

కాబట్టి ఆ బోర్డు పీకేయకముందే వెళ్లి ఫొటో తీసుకోండి. మీ కేసు గురించి వాళ్లకు తెలిసిన మర్నాడు అది అక్కడ ఉండకపోవచ్చు. చీటీని పాడవకుండా ఉంచాలని లామినేషన్ మాత్రం చేయించకండి, ఒరిజినల్ కాగితం ఉన్నది ఉన్నట్టుగా కావాలి.

ఇక ఇన్సూరెన్స్. మీ బండి పాలసీ బండికి, సరుకుకి కాదు. ‘ఫుల్’ అని ఏజెంటు చెప్పే మాటకి అర్థం అంతవరకే. టూల్ బాక్స్ ఉపాయం చెప్పినాయనకి తెలియనిది ఇంకొకటి ఉంది. గూడ్స్ బండ్ల పాలసీల్లో విడి సామాన్లు ఒక్కటే పోతే సాధారణంగా డబ్బు రాదు, బండితో పాటు పోతేనే వస్తుంది. మీ పాలసీలో మినహాయింపుల పేజీ తీసి చదవండి. అంటే రాని డబ్బు కోసం మీరు నేరం చేయబోతున్నారు. తప్పుడు ఫిర్యాదు ఇస్తే భారతీయ న్యాయ సంహిత 217 కింద, దాంతో క్లెయిమ్ లాగాలని చూస్తే 318 కింద మీరే ముద్దాయి అవుతారు.

అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటుంది. తాళం పగలగొట్టారని ఒక్క కాగితం మీద రాసి సంతకం పెట్టారంటే, తాళం వాచ్‌మన్ దగ్గర ఉందన్న మీ అసలు కేసు ఆ రోజే పోయినట్టు. లాడ్జి లాయరు ఆ కాగితం ఒక్కటి చూపించి కూర్చుంటాడు. టూల్ బాక్స్ సలహా మర్చిపోండి, అది చెప్పినాయనతో దీని గురించి వాట్సాప్‌లో మాట్లాడటం కూడా మానేయండి.

ఒక మాట కటువుగానే చెప్పాలి. రెండు లక్షలు దాటిన సరుకుని తాడు, పట్టా నమ్మి పార్కింగ్‌లో వదిలి పడుకున్నారు. పట్టా వానకి అడ్డం, దొంగకి కాదు. పైగా 1,62,000కే జీఎస్టీ బిల్లులున్నాయి, మిగతా 76,000కి కచ్చా చీటీలు. పన్ను మిగులుతుందని తీసుకున్న ఆ చీటీలు ఈరోజు మీ నష్టాన్ని నిరూపించడానికి పెద్దగా పనికిరావు. ఆ దుకాణాలకి ఫోన్‌పేలో కట్టి ఉంటే బ్యాంకు స్టేట్‌మెంట్ తీయండి, అది కొంత ఆధారం. నగదు ఇచ్చి ఉంటే ఆ భాగం మీద ఆశ తగ్గించుకోండి. ఇప్పుడు కొత్తగా పాత తేదీ బిల్లు రాయించుకురావద్దు. బిల్లులున్న సరుకు విషయంలో, విజయవాడ నుంచి ఖమ్మం అంటే రాష్ట్రం దాటడమే కాబట్టి 50,000 దాటిన సరుకుకి ఈ-వే బిల్ (జీఎస్టీ కింద సరుకు రవాణాకి తీసే పత్రం) ఉండాలి. అమ్మినవాళ్లు తీసి ఉంటే అడిగి తెచ్చుకోండి. మీ బండి నంబరూ తేదీ దాని మీదే ఉంటాయి, ఆ సరుకు ఆ బండిలో ఎక్కిందనడానికి అంతకన్నా మంచి కాగితం లేదు.

పోలీసుల దగ్గర అర్జీకి రసీదు తీసుకోకుండా వచ్చేశారు, మూడున్నర నెలలు ఊరుకున్నారు. ఇది మీ తప్పే. ఆలస్యం ఎందుకైందో నిజం రాస్తూ మళ్లీ ఇవ్వండి. సరుకు రవాణా బండిలోంచి వస్తువులు దొంగిలిస్తే అది మామూలు దొంగతనం కాదు, న్యాయ సంహిత 305(సి) కింద ఏడేళ్ల దాకా శిక్ష ఉన్న నేరం. ఆ సెక్షన్ అర్జీలో రాయండి. మోటార్ల సీరియల్ నంబర్లు కూడా బిల్లుల్లో చూసి రాయండి. ఎక్కడైనా సెకండ్‌హ్యాండ్‌లో తేలితే మీవని చెప్పగలిగేది వాటితోనే. అప్పటికీ ఎఫ్ఐఆర్ కట్టకపోతే భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 173(4) కింద పోలీస్ కమిషనర్‌కి పోస్టులో పంపండి, దానికీ కదలిక లేకపోతే 175(3) కింద మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు.

డబ్బు కోసం మాత్రం ఎఫ్ఐఆర్ మీద ఆధారపడి కూర్చోకండి. లాడ్జికి లాయరు నోటీసు ఈ వారమే స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు దొరికేలా పంపించండి. ఆ రాత్రి సీసీ కెమెరా రికార్డు, పార్కింగ్ రిజిస్టరు, వాచ్‌మన్ డ్యూటీ వివరాలు భద్రపరచమని అందులో అడగండి. ఫుటేజీ ఈపాటికి చెరిగిపోయి ఉండొచ్చు, మొదటి వారంలోనే రాసి ఉంటే ఈ మాట అనాల్సి వచ్చేది కాదు. అయినా అడగాలి. తమ దగ్గరున్నది దాచిపెడితే అది వాళ్లకి వ్యతిరేకమనే కోర్టు అనుకునే వీలుంది.

జవాబు రాకపోతే వినియోగదారుల కమిషన్. గడువు ఘటన జరిగిన రోజు నుంచి రెండేళ్లు, నోటీసు ఇచ్చిన రోజు నుంచి కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోటే వేయవచ్చు కాబట్టి వాయిదాకల్లా విజయవాడ తిరగక్కర్లేదు, ఖమ్మం జిల్లా కమిషన్ చాలు. మీరు లాడ్జికి కట్టిన మొత్తం 5 లక్షల లోపే కాబట్టి ఫీజు కూడా ఉండదు. ‘ఇతను వ్యాపారి, వినియోగదారుడు కాడు’ అని అవతలివాళ్లు తప్పకుండా అంటారు. సొంత చేతులతో పని చేసుకుని బతికే షాపని, పనివాళ్లు లేరని మొదటి పేరాలోనే రాయండి. ఆ అభ్యంతరం నిలిస్తే సివిల్ దావా దారి మిగిలే ఉంది, దానికి మూడేళ్లు.

ఇకపై సరుకు తెచ్చేటప్పుడు ఇన్‌లాండ్ ట్రాన్సిట్ పాలసీ (దారిలో ఉన్న సరుకుకి బీమా) అడగండి. అందులో ‘ఎ’ క్లాజు తీసుకోండి. ‘సి’ క్లాజు చౌక, కానీ అగ్నిప్రమాదానికి, పిడుగుకే పనికొస్తుంది, దొంగతనానికి కాదు.

ఆ ఉదయం మీ ఫోన్లో తీసిన వీడియోలో ‘రాత్రి రెండు గంటలకి నేనే బండి పక్కకి తీశాను’ అని వాచ్‌మన్ అంటున్నాడని రాశారు. ఆ ఫోన్ డిస్‌ప్లే పగిలిందని, ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేస్తానని ఉత్తరం చివర రాశారు. ఇవ్వకండి. వాట్సాప్‌లో మీ అబ్బాయికి పంపిన కాపీ దానికి సమానం కాదు. డిస్‌ప్లే మార్పించుకోండి, ఫోన్ మాత్రం కేసు తేలేదాకా బీరువాలో పెట్టండి.