గుడ్లగూబ కళ్లకు అందని పుస్తకం

చెల్లెమ్మకు,

నీ ఉత్తరం, దాంతో పాటు పంపిన పన్నెండు పేజీలు అందాయి. మీరు టేబుల్ చుట్టూ కూర్చుని పాచికలతో, ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా ఆడే డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆటను కథగా రాశావు. రెండుసార్లు చదివాను. మొదటిసారి ఊరికే పాఠకురాలిగా, రెండోసారి పెన్సిలు పట్టుకుని.

నీ పాత్ర, ఆ మంత్రగత్తె విజార్డ్, చనిపోయే సీను నాకు చాలా నచ్చింది. ప్రాణం నిలుస్తుందా అని వేసే పాచిక, మూడో డెత్ సేవ్ కూడా పోయాక టేబుల్ చుట్టూ ఎవరూ మాట్లాడలేదని రాశావే, ఆ నిశ్శబ్దం నాకు వినిపించింది. అడవి మంత్రాలు తెలిసిన, జంతువుగా మారగల డ్రూయిడ్ గంటసేపు కూర్చుని, వెయ్యి బంగారు నాణేల విలువైన తైలాలు పూసి, చనిపోయినవాళ్లను కొత్త ఒంట్లో పుట్టించే మంత్రం, రీఇన్‌కార్నేట్ స్పెల్ వేయడం కూడా బాగుంది. ఆట నడిపించే మీ డీఎం (డంజియన్ మాస్టర్) పాచికలు వేసి "గుడ్లగూబ" అన్నారు. అక్కడి నుంచే కథ నీ చేయి జారింది. నాలుగో పేజీకల్లా ఆ పక్షి మీ జట్టులోని యోధుడు, ఫైటర్ భుజం మీద కూర్చుని, బతికున్నప్పుడు ఎలా మాట్లాడేదో అలాగే మాట్లాడుతోంది, ప్లాన్లు చెబుతోంది, డ్రూయిడ్‌ని ఆటపట్టిస్తోంది. ఈకలు తొడుక్కున్న అదే అమ్మాయి. అలాంటప్పుడు ఆమె చావుకి విలువ ఏముంది?

ఈ తప్పు నేనూ చేశాను కాబట్టే ఇంత సూటిగా అడుగుతున్నాను. చాలా ఏళ్ల క్రితం ఇదే ఆటలో నేను ఆడిన సైనికుడు ఒకడు దుప్పిగా తిరిగి పుట్టాడు. మాట్లాడలేకపోతే ఆట ఎలా అని టెన్షన్ పడి, డీఎంని బతిమాలి, మెడలో మాటలు పలికే పట్టీ ఒకటి వేయించుకున్నాను. మూడు సెషన్లు గడిచేసరికి వాడు దుప్పి అన్న సంగతి అందరూ మర్చిపోయారు, నాతో సహా. ఒక రాత్రి మిగతావాళ్లు వేరే దారిన వెళ్లారు. నా దుప్పి ఒక్కటే ఒక తలుపు ముందు మిగిలింది. లోపల స్నేహితుడు మూలుగుతున్నాడు. తలుపుకి ఉన్నది మామూలు గొళ్లెం. "తీస్తాను" అన్నాను. "దేనితో?" అని అడిగారు డీఎం. నా దగ్గర జవాబు లేదు. నాలుగు గిట్టలు, రెండు కొమ్ములు, ఒక గొళ్లెం. ఆ రాత్రి ఇంటికి వెళ్లాక నిద్ర పట్టలేదు. ఎనిమిది నెలలుగా ఆడుతున్న క్యారెక్టర్‌ని మొదటిసారి అప్పుడు చూసినట్టు అనిపించింది.

కాబట్టి నీ గుడ్లగూబ దగ్గర ముందు గొళ్లెం వెతుకు. నాకైతే అది వెంటనే దొరికింది. నీ అమ్మాయి విజార్డ్. ఆమె బతుకంతా మంత్రాలు రాసుకున్న ఒక స్పెల్‌బుక్ చుట్టూ తిరిగింది. గుడ్లగూబకేమో దగ్గరి వస్తువు సరిగ్గా కనబడదు. వంద అడుగుల అవతల గడ్డిలో కదిలే ఎలుకను చూస్తుంది కానీ, ముక్కు ముందున్న తిండిని ముక్కు చుట్టూ ఉండే సన్నటి వెంట్రుకల్లాంటి ఈకలతో తడిమి తెలుసుకుంటుంది. కళ్లు గుంటల్లో తిరగవు. మెడే తిప్పాలి, వృత్తంలో ముప్పావు వంతు దాకా తిప్పగలదు. మనకు మెడలో ఏడు ఎముకలుంటే దానికి పద్నాలుగు. ఇప్పుడు ఆ రాత్రిని ఊహించు. శిబిరంలో అందరూ పడుకున్నారు. ఆమె తన పుస్తకం దగ్గరికి వెళ్లి వాలింది. గోరుతో అట్ట తెరిచింది. అక్షరాలు అలుక్కుపోయాయి. వెనక్కి ఎగిరి కొమ్మ మీద కూర్చుంటే అక్షరం తేటపడుతుంది, కానీ పేజీ తిప్పడానికి మళ్లీ కిందికి రావాలి. నీ పన్నెండు పేజీల్లో ఈ సీను లేదు. నాకు కావలసింది ఇదే.

ఇందులోనే ఇంకో సీను ఉంది చూడు. మీ ఫైటర్‌కి చదువు రాదని రాశావు. పుస్తకాన్ని దూరంగా ఎత్తి పట్టుకోవలసింది అతనే. ఏ పేజీయో, తలకిందులుగా పట్టుకున్నాడో అతనికి తెలియదు, చెప్పడానికి ఆమెకు మాట లేదు. వాళ్లిద్దరూ సంకేతాలు ఎలా కుదుర్చుకుంటారో నువ్వు నిదానంగా రాస్తే, పోరాటాలన్నీ తీసేసినా నేను ఆ కథ చదువుతాను.

రూల్స్ సంగతి కొంచెం మాట్లాడాలి, ఎందుకంటే రూల్స్ దాటేస్తే ఈ బాధ కూడా దాటిపోతుంది. మీరు ఆడుతున్నది డంజియన్స్ అండ్ డ్రాగన్స్ 2014 రూల్స్‌తో కదా. ఆ రూల్స్ పుస్తకంలో, ఏ ఒంట్లో పుడతారో పాచికతో తేల్చే రీఇన్‌కార్నేట్ పట్టికలో జంతువులు లేవు. మనుషులు, ఎల్ఫ్‌లు, డ్వార్ఫ్‌లు, హాఫ్లింగ్‌లు, అలాంటి మనిషి ఆకారం ఉన్నవాళ్లే. మీ డీఎం పాత పట్టిక తెచ్చి ఉంటారు. 1978లో వచ్చిన పాత రూల్స్ పుస్తకం ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో ఎలుగుబంటి, నక్క, గద్ద, తోడేలు, దుప్పి, గుడ్లగూబ అన్నీ ఉన్నాయి. ఆ పాత ఆటలో చావు నుంచి వెనక్కి రావడం అంటే లాటరీ. ఆ భయాన్ని మీ డీఎం మళ్లీ టేబుల్ మీదికి తెచ్చినందుకు నాకు సంతోషంగా ఉంది.

ఒక చిన్న ముచ్చట కూడా చెప్పాలి. డ్రూయిడ్ అనే క్లాస్, అంటే పాత్ర రకం, ఆటగాళ్లకు దొరికింది 1976లో, ఒక సప్లిమెంట్ పుస్తకంలో. దాన్ని తయారుచేసిన డెనిస్ సుస్టారే అదే ఏడు స్కాట్ రాబిన్సన్‌తో కలిసి బన్నీస్ అండ్ బరోస్ అనే ఆట తెచ్చారు. అందులో ఆటగాళ్లంతా కుందేళ్లే. మనిషిని జంతువులోకి పంపే ఆలోచన, జంతువు లోపల కూర్చుని లోకాన్ని చూసే ఆలోచన ఒకే మనిషి బల్ల మీద పక్కపక్కన ఉన్నాయన్నమాట. నాకిది ఎప్పుడు తలుచుకున్నా ఆనందంగా ఉంటుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆమెలో మనసు ఎంత మిగిలింది? ఇదే ఆటలో దీనికి రెండు జవాబులు ఉన్నాయి. డ్రూయిడ్ వైల్డ్ షేప్ అనే తన శక్తితో జంతువుగా మారితే తెలివి, వివేకం, వ్యక్తిత్వం తనవే ఉంటాయి, ఒళ్లు మాత్రమే మారుతుంది. ఎదుటివాడిని జంతువుగా మార్చేసే పాలిమార్ఫ్ స్పెల్ తగిలినవాడికి తెలివి కూడా జంతువుదే అవుతుంది. స్వభావం మిగులుతుంది కానీ దాన్ని ఆలోచనగా మార్చుకునే శక్తి ఉండదు. ఆట లెక్కలో గుడ్లగూబ తెలివి, అంటే ఇంటెలిజెన్స్, 2; ప్రాణబలం చూపే హిట్ పాయింట్ ఒకటే ఒకటి. 2014 రీఇన్‌కార్నేట్‌లో పాత జన్మ జ్ఞాపకం ఉంటుందని స్పష్టంగా ఉంది. మీ టేబుల్ మీద ఏది నడుస్తుందో డీఎంతో సెషన్ మొదలవకముందే తేల్చుకో. ఆట మధ్యలో వాదించకు. నా సలహా అడిగితే, జ్ఞాపకం మొత్తం ఉంచుకో, మాట మొత్తం వదులుకో. స్పెల్స్ ఆమె మనసులో సిద్ధంగానే ఉన్నాయి, కానీ పలకడానికి నోరు, ముద్ర పట్టడానికి వేళ్లు లేవు. అన్నీ గుర్తుండి ఏమీ చేయలేకపోవడం కన్నా పెద్ద నాటకం నీకు ఏ డ్రాగన్ ఇవ్వదు.

ఇది మనకు కొత్త విషయం కూడా కాదు. భాగవతంలో భరతుడి కథ నీకు తెలిసే ఉంటుంది. తెలుగులో ఆ అయిదో స్కంధం పోతన కాదు, గంగన రాశాడు. రాజ్యం వదిలి వచ్చిన భరతుడు గండకీ తీరంలో ఒక లేడిపిల్లను కాపాడి, దాని మీద మమకారంతోనే ప్రాణం విడిచి, లేడిగా పుడతాడు. పూర్వజన్మ అంతా గుర్తుంది. మరి ఆ లేడి ఏం చేసింది? ఎవరికీ ఏమీ చెప్పలేదు. తల్లిని వదిలి, తను ఒకప్పుడు తపస్సు చేసుకున్న ఆశ్రమానికి నడిచి వచ్చింది. ఎండుటాకులు తింటూ, ఎవరితోనూ చేరకుండా, ఆ శరీరం ఎప్పుడు పోతుందా అని ఎదురుచూసింది. అంతే. లేడి చేయగలిగిన పనులే, నడవడం, మేయడం, నిలబడటం. కానీ ఎక్కడికి నడిచింది, ఏది మేసింది, ఎక్కడ నిలబడింది అన్నదాంట్లో మనిషి మొత్తం ఉన్నాడు. నీ గుడ్లగూబ కూడా ఇలాగే మాట్లాడాలి. ఆమె ఏ కొమ్మను ఎంచుకుంటుంది? చనిపోయిన గుహ దగ్గరికి వెళ్తుందా? తన పాత అంగీ ఇప్పుడు ఎవరి ఒంటి మీద ఉంది?

మాట లేకపోతే ఆట నడవదేమో అని నువ్వు భయపడుతున్నావని తెలుసు. నడుస్తుంది. మీ దగ్గర డ్రూయిడ్ ఉన్నాడు, జంతువులతో మాట్లాడే స్పీక్ విత్ యానిమల్స్ ఉంది. పది నిమిషాల స్పెల్. పది నిమిషాలు మాత్రమే! రోజంతా మూగగా ఉన్న మనిషికి పది నిమిషాలు మాట దొరికితే మొదట ఏం చెబుతుంది? శత్రువుల లెక్క చెబుతుందా, భయంగా ఉందని చెబుతుందా? పైగా ఆ మాట వినేది డ్రూయిడ్ ఒక్కడే. ఫైటర్‌కి అది వట్టి కూత. డ్రూయిడ్ తిరిగి చెప్పేటప్పుడు కొంత తగ్గిస్తాడు, కొంత మంచిమాటగా మారుస్తాడు, ఒక్కోసారి దాచేస్తాడు. ఆమెను ఈ ఒంట్లోకి తెచ్చింది తనే కదా, ఆమె కోపాన్ని తన నోటితోనే ఎలా చెబుతాడు? ఆ పాత్ర ఆడుతున్న నీ స్నేహితుడితో దీని గురించి మాట్లాడి చూడు. అతనికి ఇది నచ్చితే మీ ఇద్దరి మధ్య ఏడాదికి సరిపడా కథ ఉంది.

ఒక జాగ్రత్త మాత్రం తీసుకో. టేబుల్ దగ్గర మిగతా నలుగురూ ఆడటానికే వచ్చారు. నీ సంజ్ఞలను ఊహించుకుంటూ వాళ్ల సాయంత్రం అయిపోకూడదు. అవును, కాదు, ప్రమాదం అనే మూడు సంకేతాలు ముందే పెట్టుకో. చూపు, వినికిడి మీద ఆధారపడే పర్సెప్షన్ చెక్‌కి, అంటే ఏదైనా గమనించావా అని తేల్చే పాచికకి, గుడ్లగూబ రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవచ్చు కాబట్టి, కాపలా పని నీదే అవుతుంది. చప్పుడు లేకుండా ఎగురుతావు, చీకట్లో చూస్తావు. పగటిపూట కాకులు నీ వెంటపడతాయి, అది కూడా వాడుకో. ఆ లోకంలో పల్లెవాళ్లు గుడ్లగూబను చూసి ఏమనుకుంటారో డీఎంని అడుగు. ఇంటి మీద వాలితే కీడు అనే మన ఊరి నమ్మకాన్ని అడక్కుండా అక్కడికి మోసుకెళ్లకు.

ఆకలి గురించి నువ్వు ఒక్క వాక్యం కూడా రాయలేదు. ఆమె మొదటి ఎలుకను ఎప్పుడు తింటుంది? నువ్వు రాస్తే అసహ్యంగా రాస్తావని నా అనుమానం, కొత్తవాళ్లంతా అలాగే రాస్తారు. అది రుచిగా ఉందని రాసి చూడు. మొత్తంగా మింగేసింది, వెచ్చగా దిగింది, బాగుంది. కొన్ని గంటల తర్వాత ఎముకలు, బొచ్చు ఒక ఉండలా చుట్టుకుని నోట్లోంచి పడ్డాయి. ఆమె ఆ ఉండను చూస్తూ కూర్చుంది. భయం వేయాల్సింది అప్పుడు.

ఇక భాష. మగ క్యారెక్టర్ జంతువైతే తెలుగులో దెబ్బ వెంటనే తగులుతుంది. "వచ్చాడు" పోయి "వచ్చింది" అవుతుంది. నా సైనికుడి విషయంలో టేబుల్ దగ్గర ఎవరో మొదటిసారి "అదెక్కడుంది?" అని అడిగినప్పుడు గుండె కలుక్కుమంది. నీకు ఆ దెబ్బ లేదు. అమ్మాయి వచ్చినా వచ్చింది, గుడ్లగూబ వచ్చినా వచ్చింది. క్రియ ఏమీ చెప్పదు. ఇది నీకు దొరికిన వరం. సర్వనామం రాయకుండా పేజీలకు పేజీలు నడపవచ్చు, పాఠకుడు ఎవరిని చూస్తున్నాడో వాడికే తెలియనివ్వకుండా. ఆ తర్వాత ఎవరో ఒకరి నోట "ఆమె" బదులు "అది" అనిపించు. ఎవరి నోట, ఎప్పుడు అన్నది బాగా ఆలోచించుకో. శత్రువు అంటే ఏమీ కాదు. ఫైటర్ నోట రావాలి, అలవాటుగా, ప్రేమగానే, "దానికి కాస్త నీళ్లు పెట్టండి" అన్నట్టు.

ఉపమానాల్లో కూడా ఇదే పని చేయవచ్చు. మొదట్లో ఆమె లోకాన్ని మనిషి వస్తువులతో పోల్చుకుంటుంది, చంద్రుడు పళ్లెంలా, కొండ దుప్పటిలా. పోను పోను ఆ పోలికలు తగ్గించు. చివరికి గాలి గాలిలాగే, ఎలుక చప్పుడు ఎలుక చప్పుడులాగే ఉండాలి. ఎక్కడ తగ్గిందో పాఠకుడు పట్టుకోలేనంత మెల్లగా. నేను ఇది ఒకే ఒక్క కథలో సరిగ్గా చేయగలిగాను, దానికి నాకు ఏడు సార్లు తిరగరాయాల్సి వచ్చింది. కాబట్టి తొందరపడకు.

కథలో పాచికలు కనబడనక్కర్లేదు. ఏ అంకె పడిందో తీసేయి, అది పడినప్పుడు నీకు కలిగింది ఉంచు.

ఈ పన్నెండు పేజీల్లో మొదటి మూడు అలాగే ఉంచు, మిగతావి పక్కన పెట్టు. పారేయకు, అందులో డ్రూయిడ్ చేతుల గురించి రాసిన రెండు లైన్లు తర్వాత పనికొస్తాయి. వచ్చే శనివారం సెషన్‌లో నోరు విప్పకుండా ఆడి చూడు. ఇంటికి వచ్చాక, నిద్రపోకముందే, పుస్తకం తెరిచిన ఆ రాత్రి సీను రాయి. రెండు పేజీలు చాలు. ఫైటర్ పుస్తకం పట్టుకున్నప్పుడు చివరికి ఏ పేజీ తెరుచుకుందో నాకు తెలుసుకోవాలని ఉంది.

ప్రేమతో,
అక్క