వెనుకవైపు చూశావా?

చిరంజీవి అబ్బాయికి, పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటో చూశాను. కిరీటం అరగదీసిన సైనిక టోపీ బ్యాడ్జి దొరికిందని సంబరపడుతున్నావు. డబ్బు ఇంకా కట్టలేదన్నావు కాబట్టే ఈ ఉత్తరం.

సైన్యం ఇచ్చినవి ఇచ్చినట్టుగా పోగుచేయడం తేలిక. పుస్తకాల్లో బొమ్మలుంటాయి, పోల్చి చూసుకుంటే సరి. సిపాయి సొంతంగా మార్చుకున్నదానికి ఏ పుస్తకమూ సాక్ష్యం చెప్పదు. ఒకడు మెత్తటి గుండ్రటి బెరే టోపీమీద ఒదగాలని బ్యాడ్జిని వంచుకుంటాడు. ఒకడు నడుమ రేకు కోసి, వెనుక పెట్టిన ఎర్రగుడ్డ కనబడేలా చేసుకుంటాడు. ఇంకొకడు టోపీలోకి దూర్చడానికి వెనుకనుండే స్లైడరు పట్టీ విరిగితే బజారులో రెండు రాగి కొక్కేలకు టంకం పెట్టించుకుంటాడు. పిన్ను అతికించి ఇష్టమైన అమ్మాయికి పంపినవాళ్లకూ లెక్కలేదు. ఇన్ని రకాలున్నాయి కాబట్టే దొంగసరుకుకు ఇంత చోటు.

నేనూ మోసపోయాను. 1950లో మన సైన్యం బ్రిటిష్ కిరీటం తీసి అశోకుడి సింహాలు పెట్టింది కదా, కొత్త బ్యాడ్జి అందేలోగా ఒక సిపాయి ఆకురాయి పట్టాడని ఒక వ్యాపారి కథ చెప్పాడు. కథ బాగుంది, అడిగినంతా ఇచ్చాను. ఇంటికొచ్చి కోత అంచును కిరసనాయిలు అద్దిన దూదితో తుడిస్తే గోధుమరంగు దిగింది, బూటుపాలిష్ వాసన కొట్టింది. దాని కింద ఇత్తడి కొత్త చెంబులా మెరిసింది! భూతద్దం పెడితే ఇంకో సంగతి బయటపడింది. ఏళ్ల తరబడి తోమిన ముఖం నున్నగా అరిగిపోయింది, కోసిన అంచు మాత్రం గోరు గీరుకునేంత పదునుగా ఉంది. సిపాయే కోసుంటే ఆ తర్వాత రోజూ పాలిష్ పట్టేవాడు కదా, అంచు కూడా ముఖంతోపాటే అరగాలి. ఈ ఒక్కటి ముందే చూసుంటే నా డబ్బు మిగిలేది.

అతుకులనూ అలాగే చూడు. పాత టంకం మసకబారి బూడిదరంగులో ఉంటుంది, చిలుము రేకుమీదినుంచి అతుకుమీదికి తెగకుండా పాకుతుంది. స్లైడరు తీసి కొక్కేలు పెట్టారంటే, స్లైడరు అంటుకున్న చోట మచ్చ ఉండాలి. మచ్చ లేకపోతే మార్పు కథ అబద్ధం.

కాలం లెక్క కూడా తప్పకూడదు. 19వ హైదరాబాద్ రెజిమెంటు పేరు 1945లోనే కుమావోన్ రెజిమెంటుగా మారింది. పాత పేరూ, అశోకుడి సింహాలూ ఒకే బ్యాడ్జిమీద చూపిస్తే నమస్కారం పెట్టి వచ్చెయ్యి. బ్రిటిష్ వాటిలో 1901 తర్వాత రాజుల కాలంలో కిరీటం పైభాగం గుండ్రంగా ఉండేది, రెండో ఎలిజబెత్ కాలంలో నడుమ నొక్కుకుపోయినట్టు మారింది. ఇప్పుడు చార్లెస్ వచ్చాక మళ్లీ గుండ్రం కిరీటమే, కాబట్టి గుండ్రంగా ఉందని పాతదనుకోకు.

మన దేశంలో ఉన్న బ్రిటిష్ పటాలాల కోసం ఇక్కడి బజారు పనివాళ్లు పోతపోసినవి దొరికితే మాత్రం చిన్నచూపు చూడకు. పోత లోహం చల్లారుతూ కుంచించుకుపోతుంది కాబట్టి రేకుమీద అచ్చుకొట్టినవాటికంటే కాస్త చిన్నగా, గీతలు మొద్దుగా ఉంటాయి. నాకవంటే ఇష్టం. కానీ నకిలీలు పోసేవాళ్లూ అదే పద్ధతి వాడతారు, అరుగుదలే సాక్షి.

కొన్నవి తోమకు. చింతపండు అసలు వద్దు, చిలుముతో పాటు ఆధారమూ పోతుంది. పీవీసీ ప్లాస్టిక్ సంచుల్లో కాకుండా ఆమ్లం లేని (యాసిడ్-ఫ్రీ) కాగితంలో చుట్టు. ఎప్పుడూ పెట్టుకుని తిరగకు, సైనికుడినని నమ్మించడానికి చిహ్నం ధరిస్తే నేరం.

ఇక నీ బేరం సంగతి. పక్కనుంచి వెలుగు పడేలా వెనుకవైపు ఫొటో తీసి పంపమని అడుగు, కోత అంచు దగ్గరినుంచి ఇంకొకటి. సాకులు చెబితే ఆ డబ్బుతో మీ అమ్మకు కళ్లజోడు మార్పించు, సంక్రాంతి నుంచి అడుగుతోంది.

నీ పెదనాన్న