బాణం దూరం చెబుతుంది, ఎత్తు చెప్పదు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగం పైగా జియోకాషింగ్ మీదే, అందులోనూ సియాటిల్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళ నుంచే ఎక్కువ. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు: ఎవరో ఒక డబ్బా (దీన్నే కాష్ అంటారు) ఎక్కడో దాచి దాని అక్షాంశ రేఖాంశాలు యాప్‌లో పెడతారు, మిగతావాళ్ళు ఫోన్‌లో జీపీఎస్ పట్టుకుని వెతికి, లోపలున్న చిన్న పుస్తకంలో పేరు రాసి, మళ్ళీ అక్కడే పెట్టేస్తారు. అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సిగ్నల్‌లో కావాలని కలిపే తేడాని 2000 మే నెల మొదట్లో తీసేసింది, ఆ వెంటనే మే 3న ఒరెగాన్ అడవిలో మొదటి డబ్బా పెట్టారు. ఈ ఆటని నడిపే కంపెనీ ఉండేది సియాటిల్‌లోనే కాబట్టి అక్కడ కాష్‌లకి కొదవ లేదు. ఇక ప్రశ్నలు.

ప్రశ్న: మాది ఇసాక్వా అండీ. పోయిన శనివారం ఇద్దరు పిల్లలతో రాటిల్‌స్నేక్ లేక్‌కి వెళ్ళాం. సరస్సు ఒడ్డున యాప్ తెరిస్తే కొండమీది కాష్ మైలు దూరం కూడా లేదని చూపించింది. అరగంటలో పోయి వచ్చేద్దాం అని ఒక్క నీళ్ళ సీసాతో బయల్దేరాం. గంట నడిచినా రాలేదు, పైగా మధ్యలో దూరం తగ్గాల్సింది పోయి పెరిగింది! మా ఆయన యాప్‌లో బాణం చూపించే వైపు అడ్డంగా ఎక్కేద్దాం అన్నారు, నేను ఒప్పుకోలేదు, ఇంటికి వచ్చాక కూడా అదే గొడవ. యాప్ తప్పా, మేం తప్పా? ఇంకోటి, ఆ దగ్గర్లో వందేళ్ళ నాటి పవర్ హౌస్ ఉందట, అక్కడ కూడా కాష్‌లు ఉంటాయా?

జవాబు: యాప్ తప్పు లేదు, మీ తప్పు అసలే లేదు, మీ ఆయన్ని మాత్రం కాస్త కంట్రోల్‌లో పెట్టండి. యాప్ చూపించేది మీరు నిలబడ్డ చోటు నుంచి డబ్బా ఉన్న చోటుకి మ్యాప్ మీద స్కేలు పెట్టి కొలిచిన దూరం. మధ్యలో కొండ ఉందా గోడ ఉందా దానికి అనవసరం. మీరు ఎక్కబోయిన ఆ కొండ అంచు, రాటిల్‌స్నేక్ లెడ్జ్, సముద్రమట్టానికి 2,078 అడుగుల ఎత్తున ఉంది, సరస్సు నుంచి 1,100 అడుగులకు పైగా ఎక్కాలి. అంత ఎత్తు తిన్నగా ఎక్కడం మనుషులవల్ల కాదు కాబట్టి మన ఘాట్ రోడ్డులాగా మలుపులు తిప్పి దారి వేశారు. దాంతో మైలు లోపు దూరం కాస్తా ఒకవైపు నడకే రెండు మైళ్ళు దాటింది. ఒక మలుపులో బాణం ముందుకి చూపిస్తే ఇంకో మలుపులో వెనక్కి చూపిస్తుంది, దూరం పెరిగినట్టు కనిపించింది అందుకే.

బయల్దేరేముందు చూడాల్సింది దూరం కాదు, కాష్ పేజీలో ఉండే టి రేటింగ్, అంటే దారి ఎంత కష్టమో చెప్పే అంకె. 1 నుంచి 5 దాకా, అర అర పాయింట్లతో ఉంటుంది. 1 అంటే చక్రాల కుర్చీలో కూడా వెళ్ళొచ్చు, 5 అంటే తాళ్ళో పడవో ఇంకేదో ప్రత్యేక సామాను లేనిదే కుదరదు. పక్కనే ఉండే డి రేటింగ్ వెతకడం ఎంత కష్టమో చెబుతుంది, దానికీ కాళ్ళకీ సంబంధం లేదు. చాలామంది డి చూసి ఈజీ అనుకుని వెళ్ళి టి దగ్గర దొరికిపోతారు. పిల్లలతో అయితే 2 దాకా ధైర్యంగా వెళ్ళండి, 3 నుంచి మాత్రం నీళ్ళు, తిండి, చీకటి పడే టైమ్ అన్నీ లెక్క వేసుకోవాలి.

మలుపులు కోసుకుంటూ అడ్డంగా ఎక్కడం వద్దంటే వద్దు. అక్కడి నేల సంవత్సరంలో ఎక్కువ భాగం తడిగా ఉంటుంది, నలుగురు అలా నడిస్తే గడ్డి పోయి వానకి మట్టి జారి కింది దారి మీద పడుతుంది. పైన లెడ్జ్ దగ్గర సంగతి ఇంకా సీరియస్, అది కంచె లేని రాతి అంచు, అక్కడి నుంచి పడి చనిపోయినవాళ్ళు ఉన్నారు. ఫోన్ స్క్రీన్ చూస్తూ నడిచే ఆటకి అంతకంటే చెడ్డ చోటు ఉండదు. పైకి చేరాక ఫోన్ జేబులో పెట్టి, పిల్లల చెయ్యి పట్టుకుని, ఆ తర్వాతే వెతకండి.

ఇక పవర్ హౌస్ గురించి. అడిగారు కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాను, ఈ కథ నాకు చాలా ఇష్టం. సరస్సుకి అవతల సీడర్ ఫాల్స్ దగ్గర ఉన్నది సియాటిల్ నగరం సొంత డబ్బుతో కట్టుకున్న జలవిద్యుత్ కేంద్రం. 1902లో నగర ఓటర్లు ఒప్పుకున్నారు, 1905లో సియాటిల్ వీధి దీపాలు ఆ కరెంటుతో వెలిగాయి. అమెరికాలో ఒక నగరం తానే సొంతంగా జలవిద్యుత్ తీసిన మొదటి కేంద్రాల్లో ఇదొకటి. అక్కడే ఎందుకు కట్టారంటే, మీ మోకాళ్ళని ఏడిపించిన నిటారు నేలే కారణం. జలవిద్యుత్‌లో లెక్క రెండింటిదే, నీళ్ళెన్ని, ఎంత ఎత్తు నుంచి పడుతున్నాయి. ఎత్తు రెట్టింపైతే సగం నీళ్ళతోనే అంత కరెంటూ వస్తుంది. అందుకే పాత పవర్ హౌస్‌ల పక్కన కాష్‌లకి సాధారణంగా టి రేటింగ్ ఎక్కువే ఉంటుంది, చదునుగా ఉంటే అక్కడ పవర్ హౌస్ ఎందుకు కడతారు!

తర్వాత కరెంటు ఇంకా కావాలని పైన మేసన్రీ డ్యామ్ అని పెద్ద ఆనకట్ట కట్టారు, 1914లో పూర్తయింది. గోడ గట్టిదే కానీ పక్కనున్న గట్టు గట్టిది కాదు. అది ఎప్పుడో హిమానీనదం తెచ్చి కుప్పపోసిన ఇసుక, గులకరాళ్ళ దిబ్బ. నీళ్ళు నిలబెట్టగానే దాని లోపలి నుంచి ఇంకి కిందికి రావడం మొదలైంది. ఇప్పుడు మీ పిల్లలు రాళ్ళు విసిరిన ఆ సరస్సు పక్కనే అప్పట్లో మాంక్టన్ అని రైల్వేవాళ్ళ ఊరు ఉండేది. 1915లో సరస్సు మట్టం మెల్లగా పెరుగుతూ వచ్చి వీధులు, ఇళ్ళు, ఊరు మొత్తం ముంచేసింది. వరద కాదు, అలలు లేవు, రోజురోజుకీ కాస్త కాస్తగా నీళ్ళు గుమ్మం ఎక్కాయి. జనం సామాన్లు సర్దుకుని వెళ్ళిపోయారు. అయినా 1918 డిసెంబర్‌లో మళ్ళీ అదే దిబ్బ ఇంకోవైపు పగిలి, బాక్స్‌లీ వాగు పొంగి ఎడ్జ్‌విక్ అనే మిల్లు ఊరిని ఊడ్చేసింది. ఇంజినీర్లు గోడ గురించి ఆలోచించినంత దిబ్బ గురించి ఆలోచించలేదు అని నా అభిప్రాయం. ఇప్పటికీ రాటిల్‌స్నేక్ లేక్ మట్టం సీజన్‌ని బట్టి బాగా పెరిగి తగ్గుతుంది. వేసవి చివర్లో వెళితే నీళ్ళు తగ్గి పెద్ద పెద్ద చెట్ల మోడులు బయటపడి ఉంటాయి, చూడండి.

అయితే పవర్ హౌస్ దగ్గరికి వెళ్ళి కాష్ వెతుకుదాం అంటే కుదరదు. అటువైపున్న 90 వేల ఎకరాలు సియాటిల్‌కి తాగునీళ్ళిచ్చే అడవి, గైడ్‌తో వెళ్ళే టూర్లు తప్ప మామూలు జనానికి ప్రవేశం లేదు. బాణం గేటు అవతలికి చూపిస్తే గేటు మాటే వినండి. సరస్సు పక్కన వాటర్‌షెడ్ ఎడ్యుకేషన్ సెంటర్ ఉంది, ఈ చరిత్ర అంతా అక్కడ చూడొచ్చు.

ప్రశ్న: ఫోన్ సున్నా అడుగులు అని చూపించిన చోట ఏమీ లేదు. పది అడుగులు కదిలితే నలభై అడుగులు అంటుంది. ఎవరో ఎత్తుకెళ్ళారా? — బాథెల్

జవాబు: ఎత్తుకెళ్ళి ఉండొచ్చు, కానీ ముందే ఆ అనుమానం వద్దు. జీపీఎస్‌కి ఆకాశం కనపడాలి. నిటారు కొండ పక్కన నిలబడితే సగం ఆకాశం రాయే, అటువైపు ఉపగ్రహాలు అందవు, అందినవాటి సిగ్నల్ కూడా రాతికి కొట్టుకుని వస్తుంది, దాంతో ఫోన్ మీరు ఇంకెక్కడో ఉన్నారనుకుంటుంది. దాచినవాళ్ళ ఫోన్‌కీ అదే బాధ, రెండు తేడాలు కలిస్తే అరవై అడుగులు పక్కకి పోయినా ఆశ్చర్యం లేదు. అక్కడి నుంచి ఫోన్ మానేసి కళ్ళతో వెతకాలి. నేనైతే దాచేవాడిలా ఆలోచిస్తాను: చేతికి అందేది, దారిలో పోయేవాళ్ళకి కనపడనిది, వానకి కొట్టుకుపోనిది ఏముంది ఇక్కడ? పడిపోయిన మాను వెనక, వేళ్ళ మధ్య, అసహజంగా పేర్చిన కట్టెల కింద చూడండి. తవ్వకండి, కాష్‌లని పాతిపెట్టకూడదని రూలే ఉంది. పేజీలో హింట్ ఉంటే అది ఇంగ్లిష్ అక్షరాలని పదమూడు స్థానాలు జరిపి రాసినది, యాప్‌లో నొక్కితే మామూలుగా కనిపిస్తుంది. మీకంటే ముందు వరసగా నలుగురైదుగురు దొరకలేదని రాసి ఉంటే మాత్రం మీ అనుమానం నిజమే, ఇంటికి రండి.

ప్రశ్న: అమ్మా నాన్నా ఇండియా నుంచి వచ్చారు. నాన్నకి ఈ ఆట తెగ నచ్చింది, కొండమీది కాష్‌కే వెళ్దాం అంటున్నారు. వద్దంటే "శ్రీవారి మెట్టు ఎక్కినవాణ్ణి, ఇదెంత?" అంటారు. మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి. ఎలా చెప్పను? — రెడ్‌మండ్

జవాబు: శ్రీవారి మెట్టులో 2,388 మెట్లు ఎక్కిన నాన్నగారికి ముందు నా నమస్కారం చెప్పండి. తర్వాత ఇది చెప్పండి: అక్కడ ప్రతి అడుగూ చదునైన రాయి మీద పడుతుంది, పైకి చేరాక దిగడానికి బస్సు ఉంటుంది. ఇక్కడ వేళ్ళు, బురద, గుండ్రాళ్ళు, పైగా ఎక్కినదంతా మళ్ళీ ఆ మోకాళ్ళతోనే దిగాలి. మోకాళ్ళని చంపేది ఎక్కడం కాదు, దిగడమే.

ఆయన్ని స్నోక్వాల్మీ జలపాతానికి తీసుకెళ్ళండి. 268 అడుగులు, నయాగరా కంటే దాదాపు వంద అడుగులు ఎత్తు. పై వ్యూ పాయింట్ దగ్గర నడక పెద్దగా లేదు. అక్కడి నుంచి నది ఒడ్డుకి ముప్పావు మైలు లోపు దారి ఉంది కానీ అది సుమారు 300 అడుగులు దిగుతుంది, తిరిగి రావడం బాగా నిటారు. అది మీరు నడవండి. అమ్మానాన్నలని కారులో కింది పార్కింగ్‌కి దింపితే అక్కడి నుంచి చెక్క బాట మీద కాస్త నడిస్తే చాలు, అందరూ కిందే కలుసుకోవచ్చు.

నాన్నగారికి అక్కడ చెప్పడానికి విశేషం కూడా ఉంది. మీరు పైన నిలబడే చోటికి 270 అడుగుల లోతున, రాయిని తొలిచిన గుహలో 1899 నుంచి పవర్ హౌస్ ఉంది, పూర్తిగా భూగర్భంలో కట్టినవాటిలో ప్రపంచంలోనే మొదటిదని చెబుతారు. జలపాతం తుంపర కరెంటు మిషన్లని పాడు చేస్తుందని ఏకంగా భూమిలోకే దించేశారు. నది పక్కన పైకి కనిపించే రెండోది 1910లో వచ్చింది. మొదటిది వచ్చిన మూడేళ్ళ తర్వాత, 1902లో మన పక్కన కావేరి మీద శివనసముద్రంలో తీసిన కరెంటు కోలార్ బంగారు గనులకి వెళ్ళింది, ఆ గనుల్లో తెలుగువాళ్ళు ఎందరో పనిచేశారు. నాన్నగారి వయసువాళ్ళకి కోలార్ మాట ఎత్తితే కబుర్లు వాటంతట అవే వస్తాయి, కొండ గోల మర్చిపోతారు.

రెండు జాగ్రత్తలు. ఈ జలపాతం స్నోక్వాల్మీ తెగవారికి పవిత్ర స్థలం, కాష్ పేరుతో కంచెలు దాటి రాళ్ళ మధ్య తిరగకండి. రెండోది, పవర్ హౌస్ కింద నదిలో నీటి మట్టం ఉన్నట్టుండి పెరగొచ్చు, ఫొటోల కోసం బండల మీదికి దిగనివ్వకండి.

ప్రశ్న: కాష్‌లో బొమ్మ తీసుకుని బదులుగా మా వాడు సున్నుండలు పెట్టాడు. పర్లేదా?

జవాబు: వాడి మనసు మంచిది, కానీ తిండి పెట్టకూడదు. వాసనకి ఎలుగుబంట్లు కూడా వస్తాయి, డబ్బా ముక్కలవుతుంది. తీసుకున్నదానికి సమానమైనదో, అంతకంటే మంచిదో ఒక వస్తువు పెడితే చాలు. సున్నుండలు నాకు పంపండి.

ప్రశ్న: మాది విశాఖ. అమెరికాలో అన్నయ్యతో ఈ ఆట ఆడి వచ్చాను. మాచ్‌ఖండ్ వైపు డుడుమ జలపాతం దగ్గర మంచి నిటారు కొండ ఉంది, పవర్ హౌస్ కూడా పాతదే. అక్కడ ఒక కాష్ దాచాలని ఉంది. అన్నయ్య ఉపగ్రహంతో మెసేజ్ పంపే పరికరం కూడా ఇస్తానన్నాడు.

జవాబు: చోటు ఎంపికకి వంక పెట్టలేను. జలపాతం 500 అడుగులకు పైనే, 1955లో మొదలైన పవర్ హౌస్ లోయ అడుగున ఉంది, దిగడానికి వించ్ (తాడుతో దింపే బండి) ఉంది, టి రేటింగ్ 4 ఇచ్చినా ఎవరూ కాదనరు. కానీ వద్దు. పవర్ హౌస్‌లు, ఆనకట్టలు మన దగ్గర భద్రత ఉన్న ప్రాంతాలు. అక్కడ చెట్టు వెనక మూత బిగించిన డబ్బా కనిపిస్తే ఎవరూ ఆట అనుకోరు, మీరు ఎంత చెప్పినా పోలీస్ స్టేషన్‌లో టెన్షన్ తప్పదు. స్థలం ఎవరిదో వాళ్ళ అనుమతి లేకుండా దాచకూడదని ఆట నియమాల్లోనే ఉంది.

దానికి బదులు ఎర్త్‌కాష్ పెట్టండి. అందులో డబ్బా ఉండదు, ఒక చోటు నేల, రాయి ఎలా ఏర్పడ్డాయో రాసి రెండు ప్రశ్నలు ఇస్తారు, వచ్చినవాళ్ళు చూసి జవాబు పంపుతారు. జనం మామూలుగా వెళ్ళే వ్యూ పాయింట్ ఎంచుకోండి, దానికీ అక్కడివాళ్ళని అడిగే పెట్టండి. ఇక అన్నయ్య పరికరం అన్నయ్య దగ్గరే ఉండనివ్వండి, ఉపగ్రహ ఫోన్లు, మెసేజ్ పరికరాలు టెలికాం శాఖ అనుమతి లేకుండా ఇండియాలో వాడటం నేరం, విమానాశ్రయాల్లో దొరికిపోయిన విదేశీయులు చాలామందే ఉన్నారు. మామూలు ఫోన్‌లో మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, ఈ ఆటకి అది సరిపోతుంది.