సర్వర్ లేవకపోతే ముందు లాగ్ తెరువు

అల్లుడూ,

మొన్న రాత్రి ఫోన్‌లో నీ కంగారు విన్నాక నాకూ నిద్ర పట్టలేదు. "మా డేటాబేస్ సర్వర్ పోస్ట్‌గ్రెస్ లేవట్లేదు మావయ్యా, దాన్ని లేపే స్క్రిప్ట్ ఫెయిల్డ్ అని తప్ప ఇంకేం చెప్పట్లేదు" అన్నావు. ఎలాగో తెల్లారేసరికి లేపారు. కానీ రుషికొండలో మళ్లీ కరెంటు పోదని ఎవరు చెప్పగలరు? అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ఫెయిల్డ్ అన్నది స్క్రిప్ట్ మాట. సర్వర్ చెప్పేది వేరే ఉంటుంది, చాలా స్క్రిప్టులు దాన్ని డెవ్ నల్‌లో, అంటే చెత్తబుట్టలో, పారేస్తాయి. కాబట్టి ముందు డేటాబేస్ లాగ్, అంటే సర్వర్ తన సంగతులు రాసుకునే ఫైల్, తెరువు. అందులో కొత్త లైను ఒక్కటీ లేకపోతే, వ్యవహారం సర్వర్ దాకా వెళ్లలేదేమోనని అనుమానించాలి. అప్పుడు స్క్రిప్ట్‌ని ఎస్‌హెచ్ మైనస్ ఎక్స్‌తో నడుపు. నడిచే ప్రతి లైనూ ముందు ప్లస్ గుర్తుతో తెర మీదికొస్తుంది, ఎక్కడ ఆగిందో కళ్లకు కనబడుతుంది. నాకొకసారి అన్నీ సరిగ్గా ఉన్నా "ఫైల్ దొరకలేదు" అనే వచ్చింది. కనబడని గుర్తుల్ని చూపించే క్యాట్ మైనస్ ఏ కొట్టి చూస్తే ప్రతి లైను చివరా టోపీ గుర్తు, పక్కన ఎమ్. ఎవరో విండోస్‌లో ఎడిట్ చేసి పెట్టారు, అది లైను చివర చేర్చిన ఆ గుర్తు వల్లే ఆ గొడవ.

స్క్రిప్ట్ బాగానే ఉంటే పోస్ట్‌గ్రెస్ యూజర్‌గా మారి సర్వర్‌ని చేత్తో నడిపి చూడు. రూట్‌గా, అంటే సర్వాధికారాలున్న యూజర్‌గా, వద్దు, పోస్ట్‌గ్రెస్ ఎలాగూ ఒప్పుకోదు. చేత్తో లేచి, బూట్‌లో లేవకపోతే పాత్ మీద, అంటే కమాండ్లని వెతికే ఫోల్డర్ల జాబితా మీద, అనుమానపడు. నువ్వు లాగిన్ అయినప్పుడు ఉండే పాత్ బూట్ సమయంలో ఉండదు. పర్మిషన్ ఎర్రర్ వచ్చిందని 777, అంటే అందరికీ అన్ని అనుమతులు, మాత్రం ఇవ్వకు. డేటా డైరెక్టరీ 700 (యజమానికే) గానీ, 11వ వెర్షన్ నుంచి 750 (గ్రూప్‌కి చదివే వీలు కూడా) గానీ ఉంటేనే పోస్ట్‌గ్రెస్ లేస్తుంది.

కరెంటు పోయొచ్చాక సర్వర్ నడుస్తోందనడానికి గుర్తుగా ఉండే పోస్ట్‌మాస్టర్ డాట్ పీఐడీ ఫైల్ మిగిలిపోవచ్చు. చూడగానే తీసేయకు. దాని మొదటి లైనులో ఉన్న నంబరుతో నిజంగా సర్వర్ నడుస్తోందేమో పీఎస్ కమాండ్‌తో చూడు. నడుస్తుండగా ఆ ఫైల్ తీసేసి ఇంకో సర్వర్‌ని లేపితే ఒకే డేటా మీద ఇద్దరు రాస్తారు. ఆ తర్వాత ఆ డేటాని ఎవరూ బాగుచెయ్యలేరు. డిస్క్ నిండిందని మార్పుల చిట్టా ఉండే పీజీ వాల్ ఫోల్డర్‌లో ఫైళ్లు తీసేయడమూ అలాంటిదే, ఎంత టెన్షన్‌లో ఉన్నా ఆ పని చెయ్యకు.

ఒక్కోసారి సర్వర్ తప్పేమీ ఉండదు, కోలుకోవడానికి టైమ్ పడుతుంది, అంతే. సర్వీసుల్ని లేపే సిస్టమ్‌డీ మామూలుగా 90 సెకన్లే చూసి చంపేస్తుంది. లాగ్‌లో రికవరీ జరుగుతోందని కనిపిస్తే ఆ గడువు పెంచి, ఓపిగ్గా కూర్చో.

అన్నిటికంటే ముఖ్యమైనది చెప్తాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చాక మన విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు కదా. వచ్చిన రోజు మా సర్వర్ ఆన్ చేస్తే డేటా డైరెక్టరీ ఖాళీగా కనబడింది. నా పక్కనున్న కుర్రాడికి ముచ్చెమటలు పోశాయి, అప్పటికే కొత్త డేటాబేస్ సృష్టించే ఇనిట్‌డీబీ టైప్ చేసేశాడు. ఎంటర్ మీదికి వెళ్తున్న వేలు పట్టుకుని ఆపాను. డిస్కులు చూపించే డీఎఫ్ కొట్టి చూస్తే డేటా డిస్క్ మౌంటే అవ్వలేదు, అంటే సిస్టమ్‌కి తగలనే లేదు. మౌంట్ చేశాం, అన్నీ ఉన్నాయి. ఆ ఎంటర్ పడుంటే ఖాళీ డేటాబేస్ ఒకటి పుట్టేది, జనం దాంట్లో ఎంట్రీలు కొట్టడం మొదలుపెట్టేవారు, పాతదీ కొత్తదీ కలపలేక చచ్చేవాళ్లం.

మీ సర్వర్‌లో డేటా వేరే డిస్క్ మీద ఉందన్నావు. సర్వీస్ ఫైల్లో ఆ డిస్క్ మౌంట్ అయ్యాకే సర్వర్ లేవాలని చెప్పే రిక్వైర్స్ మౌంట్స్ ఫర్ అనే లైను ఉందో లేదో రేపే చూడు. ఆదివారం సీతమ్మధార వచ్చేటప్పుడు ఆ స్క్రిప్ట్ కాపీ పట్టుకురా, ఇద్దరం కూర్చుని లైను లైనూ చదువుదాం.

ఆశీస్సులతో,
మీ మావయ్య