రౌదుపి కమతం యజమానురాలు

ప్రశ్న: లాత్వియా రచయిత రూడోల్ఫ్స్ బ్లౌమానిస్ రాసిన 'రౌదుపియెతె' కథను ఇటీవల ఇంగ్లీషు అనువాదంలో చదివాను. మనసు పడిన పాలేరును పెళ్ళాడేందుకు అవిటివాడైన తన కొడుకు అడ్డమని భావించిన ఒక వితంతువు, ఆ బిడ్డ నీళ్ళలో మునిగిపోతుంటే రక్షించకుండా నిలబడిపోతుంది. ఆమెను రచయిత అసహ్యించుకున్నారో, ఆమె మీద జాలిపడ్డారో ఎన్నిసార్లు చదివినా తేల్చుకోలేకపోయాను. ఆయన జీవితం గురించీ, ఆయనను వాస్తవికవాది అనడానికి గల కారణం గురించీ వివరించగలరా?
— ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: మీ సందేహానికి సగం సమాధానం ఆ కథ పేరులోనే ఉంది. లాత్వియా పల్లెల్లో ఆసామిని అతని కమతం పేరుతోనూ, ఇల్లాలిని అదే పేరుకు స్త్రీవాచకం చేర్చీ పిలిచేవారు. 'రౌదుపియెతె' అంటే రౌదుపి కమతం యజమానురాలు. ఆ స్త్రీని రచయిత ఆమె నేల పేరుతోనే కథకు శీర్షికగా నిలిపారు. ఆమెకు ఉన్న ఆస్తి, ఆస్తి ఇవ్వలేని ప్రేమ, ఆ ప్రేమకు అడ్డమని తోచిన బిడ్డ, ఈ మూడింటి నడుమనే 1889 నాటి ఆ కథ అంతా నడుస్తుంది.

నేలకు అంత బరువు ఎందుకు వచ్చిందో తెలియాలంటే ఆ దేశపు గతాన్ని కొంత చూడాలి. అప్పటి లాత్వియా రష్యా సామ్రాజ్యంలో భాగమే అయినా, భూమి మాత్రం తరతరాలుగా జర్మన్ ప్రభువుల చేతుల్లో ఉండేది. బ్లౌమానిస్ పుట్టిన విద్జెమె ప్రాంతంలో 1819లో రైతులకు వెట్టి నుంచి విముక్తి లభించింది గాని సెంటు భూమి కూడా దక్కలేదు. పందొమ్మిదో శతాబ్దం సగం గడిచాక అప్పులు చేసి, ఏళ్ళ తరబడి వాయిదాలు కట్టి ఆ భూములను కొనుక్కోవడం మొదలుపెట్టినప్పుడు, నిన్నటిదాకా ఒకే స్థితిలో ఉన్నవాళ్ళు ఆసాములుగా, పాలేర్లుగా విడిపోయారు. ఒకే కప్పు కింద బతుకుతున్నా పెళ్ళి మాట వచ్చేసరికి ఆ తేడా గోడలా లేచేది.

బ్లౌమానిస్ ఈ విభజనను లోపలి నుంచి చూసినవారు. 1863 జనవరి 1న ఏర్గ్లిలో పుట్టారు. తండ్రి దివాణంలో వంటవాడు, తల్లి అక్కడే పనిమనిషి. బాల్యం బ్రకి అనే కమతంలో గడిచింది. రీగా నగరంలో జర్మన్ మాధ్యమపు వాణిజ్య పాఠశాలలో చదివారు. చదువుకున్న లాత్వియన్లకు ఆ రోజుల్లో జర్మనే పెద్దమనుషుల భాష కావడంతో, 1882లో అచ్చయిన ఆయన తొలి కథ కూడా జర్మన్‌లోనే వెలువడింది. దివాణాల్లో మాట్లాడే భాషను వదిలి పాలేర్ల భాషలోకి రావడాన్ని నేను ఆయన జీవితంలో అన్నిటికంటే పెద్ద నిర్ణయంగా భావిస్తాను. తర్వాత కూడా జర్మన్‌లో రాశారు గాని, 1887లో వచ్చిన 'కలుపు మొక్క' మొదలుకొని ఆయన శక్తి అంతా లాత్వియన్ కథల్లోనే కనిపిస్తుంది.

ఇక ఆయనను వాస్తవికవాది అనడానికి కారణమైన ఆయన పద్ధతి. బ్లౌమానిస్ పెద్ద నవలల జోలికి పోలేదు. మనిషి ఇక వెనక్కి రాలేని ఒక్క నిర్ణయం దగ్గరికి పాత్రను నడిపించి, చుట్టూ ఉన్న అనవసరమైన వర్ణననంతా తీసివేసి, ఆ క్షణంలో పాత్ర ఏం చేసిందో మాత్రం చెబుతారు. అందుకే చెరువు గట్టున నిలబడిన ఆ తల్లి పక్కన మీకు రచయిత కనిపించలేదు. తీర్పు మాత్రం కథాగమనంలోనే ఉంది: అంత ఘోరం జరిగినా ఆమెకు ఆ మనిషి దక్కడు. ఆమె కోరికను ఆయన ఎక్కడా చిన్నబుచ్చలేదు, ఆమె నేరాన్ని ఎక్కడా తగ్గించి చూపలేదు. జాలి, అసహ్యం అన్న రెండు మాటల్లో ఒకదాన్ని ఎంచుకోలేకపోవడం మీ పఠనంలోని లోపం కాదు. ఆ కథను మీరు సరిగ్గానే చదివారు.

నాటకకర్తగానూ ఆయన పేరు గొప్పది. 1904 నాటి 'ఇంద్రాని' (అది ఒక కమతం పేరు) నాటకంలో కమతాన్ని కొడుకుకు అప్పగించిన వృద్ధ దంపతులు తమ కళ్ళముందే పాత చెట్లు నరికివేయబడటం చూస్తారు. ముసలితనంలో ఆస్తి రాసిచ్చిన తల్లిదండ్రుల గతి తెలిసిన మన పాఠకులకు అది దూరదేశపు కథగా తోచదు. 1902 నాటి హాస్య నాటకం 'స్క్రోడెర్‌దియెనస్ సిల్మాచొస్' (సిల్మాచి కమతంలో దర్జీల రోజులు) ఇప్పటికీ లాత్వియాలో ఎంతో ఇష్టంగా ప్రదర్శించుకునే రచన.

క్షయవ్యాధితో బాధపడుతూ 1908 సెప్టెంబరులో ఫిన్లాండ్‌లోని ఒక శానిటోరియంలో ఆయన కన్నుమూశారు. అప్పటికి నలభై ఐదేళ్ళు. ఏర్గ్లిలోనే సమాధి చేశారు. బ్రకి ఇప్పుడు ఆయన స్మారక మ్యూజియం.

ఇంకొక కథ చదవాలనుకుంటే 1899 నాటి 'మృత్యుఛాయలో' తీసుకోండి. తీరం నుంచి విడిపోయిన మంచు పలక మీద చేపలవాళ్ళు కొట్టుకుపోతుంటారు. చివరికి వచ్చిన పడవలో అందరికీ చోటు చాలదు, చీట్లు వేయాల్సి వస్తుంది. అక్కడ కమతం లేదు, ఆసామి లేడు. చీటీ తీసిన ఒక్కొక్కరి ముఖాన్నీ నెమ్మదిగా చదవండి.